కింద జముకు మనదే, పైన నాలుకే అరువు: విజయనగరంలో ఒక ట్రాప్ బృందం పనితనం

విజయనగరం గంటస్తంభానికి దగ్గరలోని ఒక సందులో, కింద బియ్యం దుకాణం ఉన్న ఇంటి మేడమీద, నలుగురు కుర్రవాళ్ళు కలిసి హిప్‌హాప్, దాని శాఖ అయిన ట్రాప్ సంగీతం తయారుచేసి ఇచ్చే పని నడుపుతున్నారు. నేను రాసిన ఒక పాటను డబ్బు చెల్లించి వారి చేత చేయించుకుని, అందుకోసం ఏడు వారాలపాటు ఆ మేడమెట్లు ఎక్కి దిగిన మనిషిగా ఈ సమీక్ష రాస్తున్నాను. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవి కూడా ఉన్నాయి గనుక బృందం పేరు రాయడం లేదు. ఇంకా బోర్డు కూడా పెట్టుకోని ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు వాళ్ళు. పట్టణంలో పెళ్ళిళ్ళకు డీజే బాక్సులు అద్దెకిచ్చేవారిని ఎవరిని అడిగినా ఆ ఇల్లు చూపిస్తారు.

నేను వృత్తిరీత్యా తెలుగు పంతులును. గజపతినగరం దాటాక వచ్చే ఒక పల్లెలో పనిచేస్తున్నాను. మా బడిలో పదో తరగతి అయిన మగపిల్లల్లో కొందరు మరుసటి ఏడాదికే చెన్నైలోనో హైదరాబాదులోనో కట్టడాల పనిలో కనిపిస్తారు; తీరగ్రామాల పిల్లలైతే పెద్దవాళ్ళ వెంట గుజరాత్‌లోని వెరావల్ దాకా చేపల వేటకు వెళ్ళిపోతారు. ఆ వలస గురించి నలభై ఎనిమిది పాదాల పాట ఒకటి రాశాను. దాన్ని చెప్పవలసినవాడు నా పాత విద్యార్థి. చెన్నైలో రెండేళ్ళు సెంట్రింగ్ పని చేసి తిరిగి వచ్చాడు, ర్యాప్ బాగా చెబుతాడు. పాట గురజాడ వాడుకలోకి తెచ్చిన ముత్యాలసరం నడకలో ఉంది: పాదానికి మూడు-నాలుగు, మూడు-నాలుగు చొప్పున పద్నాలుగు మాత్రలు. ఇది ఏడేసి మాత్రల మిశ్రగతి. ట్రాప్ నడిచేది నాలుగు దెబ్బల చతురశ్రంలో. ఈ రెండింటికీ పొసగదని, పాటనే తిరగరాయవలసి వస్తుందని నాకు నేనే తీర్మానించుకుని, ఆ బెంగతోనే మొదటిసారి మేడ ఎక్కాను.

బీట్, అంటే మాట కింద మోగే తాళవాద్యం, చేసే అబ్బాయికి ఛందస్సు పేరు తెలియదు. నా చేత నాలుగు పాదాలు రెండుసార్లు చదివించుకుని, బల్ల మీద వేళ్ళతో కొట్టి చూసుకుని, "మాస్టారూ, మీ లైనుకి పద్నాలుగున్నాయి, నా బారుకి పదహారు. ఆ మిగిలిన రెండూ నాకిచ్చీండి, నేను చూసుకుంటాను" అన్నాడు. బారు అంటే తాళంలో ఒక ఆవర్తం. అతడు చేసినది ఇది. పాట వేగం నిమిషానికి 140 దెబ్బలుగా పెట్టాడు. ట్రాప్‌లో ఇది మామూలు వేగమే. అయితే తల ఊపేవాడికి అది 70గానే వినిపిస్తుంది, ఎందుకంటే స్నేర్ డ్రమ్ము దెబ్బ సగం నడకలో, అంటే నాలుగింట మూడో దెబ్బ మీద మాత్రమే పడుతుంది. ఆ లెక్కన ఒక పాదానికి దాదాపు మూడున్నర సెకన్లు దొరుకుతుంది. మాట నలగకుండా చెప్పడానికి అది చాలు. పాదం చివర మిగిలిన రెండు మాత్రల ఖాళీలో హైహ్యాట్‌ను, అంటే డ్రమ్ముల పక్కనుండే జంట తాళాలను, చిటపటలాడించాడు, పెనంలో ఆవాలు పేలినట్టు. ఊపిరి తీసుకునే చోటు మాటకు దొరికింది, మెరిసే చోటు తాళానికి దొరికింది.

అసలు విశేషం అంతకంటె లోపల ఉంది. మూడు-నాలుగు-మూడు-నాలుగుగా విడిపోయే పాదంలో గణాలు ఒకటో మాత్ర దగ్గర, నాలుగో మాత్ర దగ్గర, ఎనిమిదో మాత్ర దగ్గర, పదకొండో మాత్ర దగ్గర మొదలవుతాయి. చతురశ్రంలో దెబ్బలు పడేవి ఒకటి, ఐదు, తొమ్మిది, పదమూడు దగ్గర. మొదటి అక్షరం తప్ప తక్కిన ప్రతి ఎత్తుగడా దెబ్బకు ఒక మాత్రో రెండు మాత్రలో ముందే పడుతుంది. వినేవాడికి ఈ లెక్క అక్కరలేదు. మాట తాళాన్ని తోసుకుంటూ ముందుకు పోతున్నట్టు, కదిలిపోతున్న ప్యాసింజరు వెనక సంచి పట్టుకుని పరుగెత్తుతున్నట్టు అనిపిస్తుంది. వలస పాటకు ఇంతకంటె తగిన నడక నేను కూర్చుని ఆలోచించినా తట్టేది కాదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరిలో లయజ్ఞానం గాలిలోనే ఉంటుందని చమత్కారంగా అనవచ్చు గాని, అది ఆ అబ్బాయి కష్టాన్ని తక్కువ చేసినట్టవుతుంది. (హరికథే మన ర్యాప్ అని సభల్లో చెప్పేవారితో కూడా నాకు పొత్తు కుదరదు. హరికథకు ఉన్న రాగభారం, కథాభారం వేరు.)

ఇక బేస్ సంగతి. ట్రాప్‌లో పునాది అంతా 808 అనే ధ్వని మీద ఉంటుంది. జపాన్‌కు చెందిన రోలండ్ కంపెనీ 1980లో తెచ్చి 1983లో ఆపేసిన టీఆర్-808 అనే తాళయంత్రంలోని డ్రమ్ము మోత అది. ఆ యంత్రాలు మొత్తం సుమారు 12,000 మాత్రమే తయారయ్యాయి, అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. నిజమైన డ్రమ్ములాగా మోగలేదన్నదే దాని మీద ఫిర్యాదు. ఆ దీర్ఘమైన గుమ్మనే మోతనే తరవాత అమెరికాలోని అట్లాంటా కుర్రవాళ్ళు స్వరాల్లో పెట్టి, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జార్చి, ట్రాప్ అనే సంగీతానికి వెన్నెముకగా చేసుకున్నారు. ఇప్పుడు ఎవరికీ ఆ యంత్రంతో పని లేదు, దాని ధ్వని లాప్‌టాప్‌లో ఉంటుంది. ఈ బృందం వాడేది ఎఫ్ఎల్ స్టూడియో. 1997లో బెల్జియంలో ఫ్రూటీలూప్స్ అనే పేరుతో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఒకసారి కొంటే కొత్త రూపాలన్నీ జీవితాంతం ఉచితంగా వస్తాయి గనుక, నలుగురూ చందాలు వేసుకుని కొన్నామని రసీదు కూడా చూపించారు. నేను అడగకుండానే చూపించారు.

వీరు నా పాటకు చేసిన గొప్ప పని, ఆ 808 ఉండవలసిన చోట జముకును పెట్టడం. ఉత్తరాంధ్ర జానపద కథాగానమైన జముకుల కథ విన్నవారికి ఆ వాయిద్యం సంగతి చెప్పనక్కరలేదు. ఒకవైపు తోలు మూసిన డొల్ల, ఆ తోలు నడుమ నుంచి బయటికి లాగిన నరం; నరాన్ని బిగిస్తూ సడలిస్తూ మీటితే మోత పైకీ కిందికీ జారుతుంది. అట్లాంటా వాళ్ళు మీటలు తిప్పి సాధించిన జారుడు మా కథకుల చంక కింద ఎప్పటి నుంచో ఉంది. బృందంలో ఒకడు చీపురుపల్లి వైపు నుంచి ఒక పెద్దాయనను తీసుకువచ్చి, ఒక పూటంతా కూర్చోబెట్టి, ఒక్కొక్క మీటునూ విడివిడిగా రికార్డు చేసుకున్నాడు. జముకులో అట్టడుగు మోత తక్కువ గనుక దాని కింద 808ను పలచగా పరిచి, మీటు తాకిడిని జముకుదే ఉంచి, మోత తోకను 808కు అప్పగించారు. రెండింటికీ అతుకు ఎక్కడుందో పదిసార్లు విన్నా నాకు దొరకలేదు. ఇంత పని మీద నాకు గౌరవం కలిగింది. తక్కిన లోపాలన్నిటినీ నేను ఓపికతో చూడడానికి కారణం ఇదే.

రికార్డింగు గది గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది. గోడలకు ఫోము పలకలు, తలుపుకు దుప్పట్లు. ఫోము గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది గాని వీధి చప్పుడును ఆపదు. కండెన్సర్ మైకు మాటలోని సన్నదనాన్ని ఎంత బాగా పట్టుకుంటుందో, ఆటో హారన్‌ను కూడా అంత బాగానే పట్టుకుంటుంది. అందుచేత రాత్రి పది దాటాకనే రమ్మంటారు. ఫ్యాను కట్టేస్తారు. భాద్రపదం ఉక్కలో ఫ్యాను లేని గదిలో ఆరు గంటల రికార్డింగు రెండు రాత్రులుగా సాగింది. నా విద్యార్థి చొక్కా విప్పి పాడాడు. కరెంటు పోయినా పని పోకుండా బ్యాటరీ పెట్టుకున్నారు, అది నిజంగా పనిచేసింది కూడా.

తప్పు జరిగింది ఆ తరవాత. బృందంలో మాటలు, ఉచ్చారణ చూసుకునే అబ్బాయి ఒకడున్నాడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుకుని వచ్చాడు, చురుకైనవాడు, తెలుగు ర్యాప్ విరివిగా విన్నవాడు. రెండో రాత్రి నేను రాలేకపోతే, అతడు నా విద్యార్థిని నిలబెట్టి పాటను "సరిచేశాడు". గెడ్డ అన్న మాట అచ్చుతప్పు అనుకుని గడ్డ అని చెప్పించాడు. ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే వాగు. మా పల్లెలో ఊరికీ పొలానికీ మధ్య పారేది, వానాకాలంలో బడికి సెలవు ఇప్పించేది. "గెడ్డ దాటితె ఊరు గురుతే" అని నేను రాసిన పాదం "గడ్డ దాటితె" అయ్యేసరికి నీరంతా ఇంకిపోయి, ఏదో దేశభక్తి గీతంలోని చరణంలా తయారైంది. మదుం అన్న మాటకు అర్థం తెలియక దాన్ని తూము చేశాడు. అర్థం ఒకటేగా అన్నాడు. మాత్ర లెక్క కూడా చెడలేదు, నిజమే. కాని పొలానికి నీరు వదలడానికి మా తాతలు ఎత్తిన పలకకు మదుం అనే పేరు, తూము అనే పేరు కాదు. కంబారి అన్న మాటను తీసేసి కూలీ అని పెట్టాడు. కంబారి ఏడాది పొడుగునా ఒకే బుగత (భూస్వామి) ఇంట పాలేరుగా ఉండేవాడు, కూలీ ఏ రోజుకు ఆ రోజు వెళ్ళేవాడు. నా పాటలో తండ్రి కంబారి, కొడుకు కూలీ. ఆ తేడా పోతే పాటే పోతుంది.

మాటలే గాక పలికే తీరు కూడా మారింది. వాక్యం చివర మా వాళ్ళు తీసే దీర్ఘం పోయి, హైదరాబాదు ర్యాప్‌లలో వినిపించే కొట్టివిరుపు వచ్చింది. హైదరాబాదు కుర్రవాళ్ళు తమ యాసను మొహమాటం లేకుండా వాడుకోబట్టే తెలుగు ర్యాప్‌కు ఒక ముఖం వచ్చిందని నేనూ ఒప్పుకుంటాను. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసినది ఆ మొహమాటం లేకపోవడమే. మనవాళ్ళు దాన్ని వదిలి యాసను అరువు తెచ్చుకున్నారు. కింద మోగే జముకు చీపురుపల్లిది, పైన పలికే నాలుక కూకట్‌పల్లిది అయితే ఆ పాట ఎవరిది? దాని మీద ఆటోట్యూన్ ఒకటి. స్వరం తప్పినప్పుడు దగ్గరి స్వరానికి లాగే సాధనం అది. మెల్లగా వాడితే తెలియదు, వేగంగా వాడితే గొంతు లోహంలా మారుతుంది. ట్రాప్‌లో ఆ లోహపు గొంతు ఒక అందమే, కాదనను. అయితే మన యాసలో అర్థంలో సగం స్వరం ఎక్కి దిగడంలోనే ఉంటుంది. "ఏటి?" అన్న ఒక్క మాట ప్రశ్నో, విసుగో, పరామర్శో ఆ జారుడును బట్టే తెలుస్తుంది. ఆటోట్యూన్ ఆ జారుడును మెట్లుగా నరికేసింది. జముకు జారుడును అంత ప్రేమగా కాపాడినవారు గొంతులోని జారుడును చదును చేయడం నాకు వింతగా తోచింది.

నేను అభ్యంతరం చెప్పినప్పుడు మొదట వాదించారు, ఇలాగైతేనే జనం వింటారన్నారు. బీట్ చేసే అబ్బాయి మాత్రం నోరు విప్పకుండా పాత టేకును, కొత్త టేకును పక్కపక్కన పెట్టి వినిపించాడు. మళ్ళీ ఎవరూ వాదించలేదు. మూడో రాత్రి రెండు గంటలు అదనంగా రికార్డు చేసి, దానికి రుసుము తీసుకోలేదు. ఆటోట్యూన్ పల్లవిలో మాత్రమే ఉంచి, చరణాల్లో తీసేశారు.

మిక్సింగ్, అంటే విడివిడి ధ్వనులను కలిపి తూకం కుదిర్చే పని, చేసే అబ్బాయి తక్కువ మాట్లాడతాడు, పని మాత్రం శ్రద్ధగా చేస్తాడు. 808 అసలు మోత 50 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. ఫోను స్పీకరులో అది ఉత్త గాలి. అందుకని ఆ మోతను కొద్దిగా చిట్లేటట్టు చేసి, దానిపై స్థాయి ధ్వనులు పుట్టించాడు. అప్పుడు అడుగు వినపడకపోయినా ఉన్నట్టు చెవి ఊహించుకుంటుంది. ఈ పద్ధతి లోకంలో అందరూ చేసేదే గాని, ఇతడు పాటను ఫోనులో, చవక ఇయర్‌ఫోనులో, తెలిసినవాళ్ళ ఆటోలో, చివరకు డీజే బాక్సు మీద కూడా వేసి విని, ప్రతిసారీ కాగితం మీద రాసుకుని వచ్చి దిద్దాడు. ఆటోలో విన్నప్పుడు స్నేర్ చెవిలో గుచ్చుతోందని తేలి తగ్గించాడు. మొదటి మాస్టర్, అంటే విడుదలకు సిద్ధమైన తుది ప్రతి, మాత్రం మరీ గట్టిగా ఇచ్చాడు. స్పాటిఫై వంటి చోట ఎంత గట్టిగా ఇచ్చినా మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ధ్వని గట్టితనానికి కొలత) స్థాయికి దించి వినిపిస్తారు గనుక, గట్టితనం కోసం నలిపేసిన పాటకు అక్కడ దక్కేది నలుగుడు మాత్రమే. ఈ మాట అంటే నవ్వి, "డీజే బాక్సులోళ్ళు ఒప్పుకోరండి" అన్నాడు. చివరకు రెండు మాస్టర్లు ఇచ్చాడు, ఒకటి పెళ్ళి ఊరేగింపుకు, ఒకటి ఇయర్‌ఫోనుకు. న్యాయమైన పరిష్కారమే.

ఖర్చు ఇలా అయింది. బీట్ పూర్తిగా నాకే, మరెవరికీ అమ్మకుండా ఉండేందుకు 9,000 రూపాయలు. రికార్డింగు గంటకు 400 చొప్పున ఆరు గంటలకు 2,400. మిక్సింగ్, మాస్టరింగ్ కలిపి 4,500. మొత్తం 15,900. అదే బీట్‌ను పదిమందికీ ఇచ్చే పద్ధతిలో తీసుకుంటే 2,500కే వస్తుంది. కొత్తగా పాడేవారికి అదే మేలు. విడివిడి ట్రాకులన్నీ పెన్‌డ్రైవ్‌లో అడగకుండానే ఇచ్చారు. రేపు వీరితో చెడినా పాట నా దగ్గర ఉంటుంది.

కాగితం విషయంలో మాత్రం హెచ్చరించాలి. మొదట నా ముందు పెట్టిన ఒప్పందం ఎక్కడో దింపుకున్న ఇంగ్లీషు పత్రం. తగవు వస్తే కాలిఫోర్నియా కోర్టులో తేల్చుకోవాలని ఉంది అందులో. విజయనగరం కోర్టు నడిచిపోయేంత దూరంలో ఉండగా కాలిఫోర్నియా దాకా ఎందుకని అడిగితే నలుగురూ పగలబడి నవ్వారు. వారు కూడా దాన్ని చదవలేదు. సాహిత్యంపై సమస్త హక్కులూ బృందానివే అని కూడా అందులో ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో సవరించారు. ఆ సవరణ ప్రకారం రికార్డింగులో చేరిన సాహిత్యానికి రచయితకు రావలసిన రాయల్టీ వాటాను వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు; వారసులకో, కాపీరైట్ సంఘానికో తప్ప ఆ వాటాను రాసివ్వడానికి వీలు లేదు. హక్కుల బదలాయింపు పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్క. ఇవన్నీ చెప్పాక మర్నాటికే ఒక పుట తెలుగు ఒప్పందం తయారుచేసి తెచ్చారు, చక్కగా ఉంది. అందులో నేను పట్టుబట్టి చేర్పించినది జముకు వాయించిన పెద్దాయన పేరు. ఆయనకు ఆ రోజు కూలి, భోజనం, బస్సు ఛార్జీ ఇచ్చారట గాని, పాట వివరాల్లో ఆయన ఊసే లేదు. "శాంపిల్" అని ఉంది. వాయించినవాడికి చట్టం 50 ఏళ్ళ హక్కు ఇస్తోంది. చట్టం లేకపోయినా, పాటకు పునాది వేసినవాడిని శాంపిల్ అనడం ఏమి మర్యాద?

గడువు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రెండు వారాలన్నారు, ఏడు వారాలు పట్టింది. మధ్యలో పైడితల్లి అమ్మవారి పండుగ వచ్చింది. తొలేళ్ళు, సిరిమాను అయ్యేదాకా నలుగురూ డీజే బాక్సుల వెంటే ఉన్నారు. అది వారి అన్నం, కాదనలేను. ఫోను ఎత్తి ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది.

పాట ముఖచిత్రం కూడా వారే వేస్తారు. మొదటి బొమ్మలో నల్ల కారు, గాలిలో నోట్ల కట్టలు. ట్రాప్ అనే మాట అట్లాంటా పేటల్లో మత్తుమందులు అమ్మే ఇళ్ళకు ఉన్న పేరు నుంచి వచ్చింది. ఆ సంగీతంలోని చీకటి అక్కడి బతుకులో నుంచి వచ్చినది, అరువు తెచ్చుకుంటే నప్పదు. మన చీకటి మనకు ఉంది: రాత్రి రైలు, జనరల్ పెట్టె, కిటికీ పక్కన సంచి. అది చెప్పగానే అందుకున్నారు. రెండో బొమ్మలో ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఒక తాపీ, దానికి చుట్టుకున్న వల. అదనంగా డబ్బు అడగలేదు.

బీట్ కోసం, మిక్సింగ్ కోసం శ్రీకాకుళం నుంచైనా రైలెక్కి రావచ్చు. ఆ రెండింటిలో వీరి పని నాకు నిండుగా నచ్చింది. మాటలను మాత్రం వారికి వదిలేయకండి, రికార్డింగు జరిగే ప్రతి రాత్రీ పక్కనే కూర్చోండి. అమ్మవారి పండుగ వచ్చే ఆశ్వయుజ మాసంలో వెళ్ళకండి. నేను రెండో పాటకు 3,000 రూపాయలు బయానా ఇచ్చి వచ్చాను. ఈసారి ఒప్పందం ఆ హైదరాబాదు చదువు అబ్బాయే రాశాడు, మొదటి షరతు, "గెడ్డ అన్న మాటను గడ్డగా మార్చరాదు."